మీకు తెలుసా? సంక్రాంతి దాటితే అటకెక్కే పాట

ధనుర్మాసంలో ప్రొద్దుటూరు పాత వీధుల్లో పొద్దున్నే నడిస్తే, ముగ్గు మధ్యన పేడముద్ద, దాని నెత్తిన గుమ్మడిపువ్వు కనబడతాయి. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆడపిల్లలు పాడేది అచ్చంగా చలికాలపు పాట. కనుమ వెళ్లిందంటే దాని జోలికి ఎవరూ పోరు. గొబ్బెమ్మలు పిడకలై రథసప్తమినాడు పాలు పొంగించడానికి పనికొస్తాయి. పాటకు మాత్రం మళ్లీ మార్గశిరం దాకా పని లేదు.

అలాంటి గొబ్బిపాట ఒకటి మన సీమవాడే, తాళ్లపాక అన్నమయ్య, కృష్ణుణ్ణి పొగుడుతూ కట్టాడని మీకు తెలుసా? ఆయన 1503లో కన్నుమూశాడు. రాసినవి 32 వేలని చెబుతారు. కొడుకు పెద తిరుమలాచార్యుడి కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో పెట్టారు. ఆ తర్వాత ఆ అర సంగతే మరిచిపోయారు. ఇరవయ్యో శతాబ్దంలో రేకులు బయటపడ్డాక లెక్క చూస్తే 14 వేల దాకా మిగిలాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి రేకుల్ని చదివి అచ్చుకెక్కించారు. రాగం పేరు రేకు మీద ఉంది గానీ ఎలా పాడాలో చెప్పేవాళ్లు లేరు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు కూర్చుని కొత్తగా వరసలు కట్టారు. ఇక 1997లో ఆయన మీద సినిమా వచ్చాక అన్నమయ్య క్యాసెట్ లేని అంగడి ఉండేది కాదు. హిట్టు కావడానికి దాదాపు ఐదు వందల ఏళ్లు!

ఇంగ్లీషువాళ్ల చలిపాటలు అంతసేపు ఆగలేదు గానీ, వాటికీ తిప్పలు తప్పలేదు. జమ్మలమడుగులో కాంబెల్ ఆసుపత్రి కట్టిన మిషనరీల కాలం నుంచి డిసెంబరు అంటే క్రిస్మస్ పాటలే. ఇప్పుడు కుర్రాళ్ల ఫోన్లలో మోగే 'లాస్ట్ క్రిస్మస్' ఏ నెలలో రికార్డయిందో తెలుసా? 1984 ఆగస్టులో, అక్కడి నడివేసవిలో. రాసింది, పాడింది, వాయిద్యాలన్నీ వాయించింది ఒక్కడే, జార్జ్ మైఖేల్. ఆ డిసెంబరులో బ్రిటన్ చార్టులో రెండో స్థానంలోనే ఆగిపోయింది. అడ్డం పడింది ఇథియోపియా కరువు బాధితుల కోసం గాయకులంతా కలిసి పాడిన పాట. అందులో జార్జ్ మైఖేల్ గొంతూ ఉంది. అంటే తన పాటను తానే ఓడించాడన్నమాట. మొదటి స్థానం దక్కింది 2021 జనవరి 1న, 36 ఏళ్ల తర్వాత. ఆన్‌లైన్‌లో వినడం కూడా లెక్కలోకి రావడంతో పాత పాటలు ఏటా డిసెంబరులో చార్టు ఎక్కుతున్నాయి. ఆ మొదటి స్థానం చూడ్డానికి జార్జ్ మైఖేల్ లేడు. 2016లో సరిగ్గా క్రిస్మస్ రోజునే పోయాడు.

వీటన్నిటికీ పెద్దన్న 'వైట్ క్రిస్మస్'. ఈ మంచుపాటను ఇర్వింగ్ బెర్లిన్ మొదలుపెట్టింది మంచుతో కాదు, ఎండతో. కాలిఫోర్నియాలో నారింజచెట్లు, తాటిజాతి చెట్ల మధ్య కూర్చున్నవాడు చలిదేశాన్ని తలచుకుంటున్నట్టు ముందొక చరణం రాశాడు. పులివెందుల చీనీతోటలో మంచం వాల్చుకుని కాశ్మీరం కలగన్నట్టు! రికార్డులో ఆ చరణం ఎగిరిపోయింది, నాకైతే అదే బాగుండేదనిపిస్తుంది. 1942 మే 29న బింగ్ క్రాస్బీ 18 నిమిషాల్లో పాడి ఇంటికెళ్లాడు. ఆ ఏడాది 11 వారాలు అమెరికా చార్టులో మొదటి స్థానం. 1945లో మళ్లీ, 46లో మళ్లీ. అచ్చులు తీసీ తీసీ అసలు మాస్టరే అరిగిపోతే 1947లో అదే వాద్యబృందాన్ని పిలిచి మళ్లీ పాడించారు. మనం ఎక్కువగా వినేది ఆ రెండోదే. గిన్నిస్ బుక్కు లెక్కన అమ్ముడైన రికార్డులు 5 కోట్లు.

అదే పాట ఒకసారి ఏప్రిల్‌లో మోగింది. 1975లో వియత్నాంలోని సైగాన్ పడిపోతున్నప్పుడు, ఊరు విడిచి పోవలసిన అమెరికన్లకు ముందే ఒక గుర్తు చెప్పిపెట్టారు. సైన్యం రేడియోలో ఉష్ణోగ్రత 105 డిగ్రీలు, ఇంకా పెరుగుతోంది అని చెప్పి వెంటనే మంచుపాట వేస్తే, సర్దుకుని బయల్దేరమని అర్థం. ఏప్రిల్ 29న పాట వచ్చింది. 105 ఫారెన్‌హీట్ అంటే మన లెక్కలో 40 దాటడం, ప్రొద్దుటూరువాళ్లకు కొత్తేమీ కాదు. అంత ఎండలో ఆ పాట వేరే పనిమీద వినబడే అవకాశమే లేదు కాబట్టేనేమో దాన్ని ఎంచుకున్నారు. మే నెల మధ్యాహ్నం మన వీధిలో ఎవరైనా గొబ్బిపాట ఎత్తుకుంటే, అరుగు మీద కునికేవాళ్లు కూడా లేచి తొంగిచూడరూ?