ప్రాసిక్యూటరు న్యాయపీఠమునకు వచ్చునపుడు

మన జిల్లా కోర్టులలో పి.పి. గారు అందరికిని తెలిసినవారే. ప్రభుత్వ పక్షమున నిలిచి, ముద్దాయి నేరము చేసెనని నిరూపించుటకు యత్నించుట ఆయన పని. అట్టి పనిలోనే తల నెరసిన మనిషిని ఒకనాడు ఇరుపక్షముల నడుమ కూర్చుండబెట్టి తీర్పు చెప్పుమన్నచో, పాత పక్షమును మరువగలడా? అమెరికాలో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానములకు ప్రాసిక్యూటరులను అధ్యక్షుడు ప్రతిపాదించినపుడెల్ల ఈ సందేహము తలయెత్తును.

వింత యేమనగా, ఆ దేశపు రాజ్యాంగము ఫెడరల్ న్యాయమూర్తికి ఏ అర్హతయు విధింపలేదు. ఇంత వయస్సుండవలెనని లేదు. న్యాయశాస్త్ర పట్టమైనను ఉండవలెనని లేదు. మన రాజ్యాంగపు 217వ అధికరణము హైకోర్టు న్యాయమూర్తి కాదలచినవాడు భారత పౌరుడై, పదేండ్లు న్యాయాధికారిగానో హైకోర్టు న్యాయవాదిగానో పనిచేసి యుండవలెనని చెప్పుచున్నది. అచట అధ్యక్షుడు ప్రతిపాదించును, సెనేటు సమ్మతించును. పీఠమెక్కిన పిమ్మట సత్ప్రవర్తన కలిగియున్నంతకాలము, అనగా సాధారణముగా జీవితాంతము, ఆ పదవి ఆయనదే. కనుక పరీక్ష యేదైనను ముందే జరుగవలెను. అమెరికన్ బార్ అసోసియేషన్ వారి సంఘమొకటి 1953 నుండి అభ్యర్థుల నిజాయితీని, వృత్తి సామర్థ్యమును, న్యాయమూర్తికి తగిన స్వభావమును తూచుచు వచ్చినది. మొదటి రెండును కాగితములమీద కొంతవరకు కనబడును. చిక్కంతయు మూడవదానితోనే.

ఈ అప్పీలు న్యాయస్థానములు 13. సామాన్యముగా ముగ్గురు న్యాయమూర్తులు కలిసి విందురు. అచటికి సాక్షులు రారు, జూరీ ఉండదు. క్రింది కోర్టు రికార్డును, ఇరుపక్షముల లిఖిత వాదములును చదివి, విచారణలో పొరపాటు జరిగినదా అని చూచుటయే వారి కర్తవ్యము. సాక్షిని అడ్డుప్రశ్నలతో తికమక పెట్టిన చాతుర్యము ఇచట అక్కరకు రాదు. సుప్రీంకోర్టు తన ముందునకు వచ్చు వ్యాజ్యములలో స్వల్పభాగమునే స్వీకరించును గావున, చాలమంది కక్షిదారులకు ఇదియే కడపటి కోర్టు. శిక్షపడిన ముద్దాయి అప్పీలుతో వచ్చినపుడు ఎదుటి కక్షి ప్రభుత్వము, అనగా ఆ న్యాయమూర్తి కొలిచిన పాత యజమాని.

శామ్యూల్ ఆలిటో సంగతి చూడుడు. 1975లో యేల్ విశ్వవిద్యాలయమున న్యాయపట్టము పొంది, అప్పీలు న్యాయమూర్తి యొకరి వద్ద సహాయకుడుగా నుండి, 1977లో న్యూజెర్సీలో సహాయ ఫెడరల్ ప్రాసిక్యూటరయ్యెను. తరువాత సొలిసిటర్ జనరల్ కార్యాలయమున జేరి సుప్రీంకోర్టులో 12 వ్యాజ్యములు వాదించెను. 1987లో న్యూజెర్సీకే ప్రధాన ఫెడరల్ ప్రాసిక్యూటరుగా తిరిగి వచ్చెను. 1990లో మూడవ మండలపు అప్పీలు న్యాయస్థానమునకు అధ్యక్షుడు జార్జ్ బుష్ ఆయనను ప్రతిపాదింపగా సెనేటు ఆమోదించెను. చదువునకు, వ్రాతకు, శాస్త్రజ్ఞానమునకు లోటు లేదు. అయితే న్యాయవాదిగా ఆయన కక్షిదారు ఎల్లప్పుడును ప్రభుత్వమే.

ఇది దోషమా? ప్రాసిక్యూటరు కర్తవ్యము గెలుపు కాదనియు, న్యాయము జరుగునట్లు చూచుట యనియు 1935లో అమెరికా సుప్రీంకోర్టే తీర్పు చెప్పియున్నది. మనుష్యుని ప్రాణముపై, స్వేచ్ఛపై, పరువుపై ప్రాసిక్యూటరునకున్నంత అధికారము ఆ దేశమున మరెవ్వరికిని లేదని 1940లో అటార్నీ జనరల్ రాబర్ట్ జాక్సన్ ప్రాసిక్యూటరుల సభలోనే హెచ్చరించెను. ఆ అధికారమును చేతబట్టినవానికి అది ఎచట తప్పుదారి పట్టునో కూడ తెలియును. తెలిసినదానిని ఒప్పుకొనునా అనునది వేరు మాట.

2004 నాటి వ్యాజ్యమొకటి ఇచట మిక్కిలి ఆసక్తికరము. 1999లో పెన్సిల్వేనియాలో మాదకద్రవ్యములకై ఒక యింటిని సోదా చేయుచు, పోలీసులు ఇల్లాలిని, పదేండ్ల కూతురిని బట్టలు విప్పించి వెదకించిరి. ఏమియు దొరకలేదు. వారంటులో సోదా చేయదగిన వ్యక్తిగా వ్రాసియున్నది ఇంటి యజమాని పేరొక్కటే. ఇంటనున్నవారినందరిని వెదుకుదుమని పోలీసులు అఫిడవిట్టులో మాత్రము కోరియుండిరి. తల్లీకూతుళ్లు నష్టపరిహారమునకు దావా వేసిరి. న్యాయాధికారి సంతకము చేసినది వారంటు గాని పోలీసుల కోరిక కాదని అధిక సంఖ్యాకుల తీర్పు వ్రాసినవాడు మైకేల్ చెర్టాఫ్. న్యూజెర్సీ ప్రధాన ప్రాసిక్యూటరు పదవిలో ఆలిటోకు తరువాతివాడు! భిన్నాభిప్రాయము వ్రాసినవాడు ఆలిటో. పసిపిల్లను అట్లు వెదకుట తనకును రోతయే యనుచు, అయినను ఆ కాగితములను కలిపి లోకజ్ఞానముతో చదువవలెననియు, పోలీసులను బాధ్యులను చేయరాదనియు ఆయన పలికెను.

ఒకే కార్యాలయము, ఒకే కుర్చీ, రెండు చూపులు. కావున ప్రాసిక్యూటరు అన్నంతమాత్రమున త్రోసివేయువారి వాదము నాకు నచ్చదు. అట్లని ఉద్యోగానుభవమునే సర్వార్హతగా చూపువారి మాటయు చాలదు. తాను ప్రభుత్వోద్యోగిగా పాల్గొన్న వ్యాజ్యమును తాను విచారింపరాదని చట్టమున్నది. అలవాటైన చూపునకు అట్టి నిషేధము లేదు గదా. పీఠముపై అందరును ఒకే గుమ్మమునుండి వచ్చినవారు కాకుండుటయు మేలే. అయోవాలో పేద ముద్దాయిల పక్షమున ఏండ్లతరబడి వాదించిన జేన్ కెల్లీని 2013లో ఎనిమిదవ మండలమునకు సెనేటు 96 ఓట్లతో, ఒక్క వ్యతిరేకపు ఓటైనను లేకుండ, ఆమోదించినది.

సెనేటు న్యాయసంఘము అభ్యర్థులకు పంపు ప్రశ్నావళిలో ఒక ప్రశ్న యున్నది: మీరు నడిపిన ముఖ్య వ్యాజ్యములు పదింటిని తెలుపుడు, వానిలో ఎదుటి పక్షపు న్యాయవాదులెవరో వ్రాయుడు. అభ్యర్థి ప్రాసిక్యూటరైనచో, ఆ ఎదుటి న్యాయవాదులను పిలిచి, తమ ముద్దాయికి మేలుచేయు సాక్ష్యము ఆయన చేతికి చిక్కిన దినమున ఏమి చేసెనని అడుగుట, వంద ప్రశంసాపత్రములు చదువుటకంటె నాకు ముఖ్యముగా తోచుచున్నది.