ధర పడిన ఏడాది ఫోనులో మామిడి అమ్మకం

కాపు బాగా వచ్చిన ఏడాదే ధర పడిపోవడం మామిడి రైతుకు కొత్త కాదు. మార్కెట్‌కు లారీలు ఒక్కసారిగా చేరితే కొనేవాడు చెప్పిందే ధర. దానికి తోడు జనం చేతిలో డబ్బు ఆడని కాలమైతే పట్నంలోనూ పండ్లు కొనడం తగ్గిస్తారు. తరుగు, హమాలీ, కమీషను, బండి కిరాయి పోగా చేతికొచ్చేది కోత కూలికి సరిపోని రోజులూ ఉంటాయి.

ఇలాంటప్పుడు వాట్సాప్, ఫేస్‌బుక్ కొంత ఆసరా ఇస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి రవాణా చిక్కుల్లో పడినప్పుడు పలువురు రైతులు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల ద్వారా నేరుగా పండ్లు అమ్ముకున్నారు. అయితే తోట మొత్తం ఫోనులోనే అమ్ముడవుతుందని ఆశపడితే నష్టం తప్పదు.

ఏ కాయకు పనికొస్తుంది?

ఇంట్లో తినే బంగినపల్లి, రసాలు, హిమాయత్ వంటి రకాలకే ఈ పద్ధతి అనువైనది. తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. 2025లో చిత్తూరు ప్రాంతంలో దాని ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 4 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి కాయను టన్నుల్లో ఫోను ద్వారా అమ్మడం కుదిరే పని కాదు.

ముందు లెక్క వేసుకోండి

ఒక నమూనా లెక్క చూద్దాం. మీ ఊరి అంకెలు వేసుకుని సరిచూసుకోండి. మార్కెట్లో బంగినపల్లి కిలో 15 రూపాయలు పలికి, ఖర్చులు పోగా 11 మిగులుతుందనుకుందాం. అదే కాయను 5 కిలోల పెట్టె 250 రూపాయలకు అమ్మితే, అట్టపెట్టె, కాగితాలకు 35, బస్సు పార్సిల్‌కు 40, ఏరి సర్దే కూలికి 15, పాడైన కాయకు బదులిచ్చేందుకు 20 తీసేయాలి. మిగిలేది 140, అంటే కిలోకు 28 రూపాయలు.

కానీ కోసిన ప్రతి కాయా పెట్టెకు పనికిరాదు. 100 కిలోల్లో 60 కిలోలే మచ్చ లేని కాయ అనుకుంటే దానికి 1,680 రూపాయలు వస్తాయి. మిగతా 40 కిలోలకు మార్కెట్లో కిలోకు 8 చొప్పున 320 వస్తాయి. మొత్తం 2,000 రూపాయలు. అంతా మార్కెట్‌కే తోలితే 1,100. తేడా ఉన్నమాట నిజమే. అయితే 100 పెట్టెలు అమ్మినా పోయేది 500 కిలోలే. ఎకరాకు 3 టన్నులు కాసిన తోటలో అది ఆరో వంతు. కనుక మార్కెట్ వ్యాపారితో తెగతెంపులు చేసుకోవద్దు.

తోటను ముందే గుత్తకు ఇచ్చి అడ్వాన్సు తీసుకున్నవారు కాయ మీద హక్కు తమది కాదని మరవకూడదు. ఈ పద్ధతిలో అమ్మదలిస్తే గుత్త మాట్లాడేటప్పుడే కొన్ని చెట్లు విడిగా ఉంచుకోవాలి.

ఎవరికి చెప్పాలి?

ముందుగా తెలిసినవాళ్లతో మొదలుపెట్టండి. పట్నంలో ఉన్న చుట్టాలు, మీ ఊరి ఉద్యోగులు, పిల్లల స్నేహితులు కలిపి 30 మంది ఉన్నా చాలు. వారి ద్వారా వారి అపార్ట్‌మెంట్ గ్రూపులో, అడ్మిన్ ఒప్పుకున్నాకే, మాట వేయించాలి. తెలియని గ్రూపుల్లో పదే పదే పెడితే జనం విసుక్కుంటారు, నంబరు నిలిచిపోయే ప్రమాదమూ ఉంది. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకోవచ్చు గానీ, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ కబురు చేరుతుంది. అందుకే కొన్నవారిని నంబరు సేవ్ చేసుకోమని అడగాలి. వాట్సాప్ బిజినెస్ యాప్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. అందులో కాయ ఫొటో, ధర శాశ్వతంగా ఉంచవచ్చు. స్టేటస్ మాత్రం 24 గంటల్లో పోతుంది.

కబురు పొట్టిగా, అన్ని వివరాలతో ఉండాలి. ఉదాహరణకు: "మా తోట బంగినపల్లి. శనివారం కోత. 5 కిలోల పెట్టె 250 రూపాయలు, బస్టాండు దాకా పార్సిల్ ఖర్చు మాదే. తూకం పచ్చికాయది. గడ్డిలో పెడితే వారంలో పండుతుంది. కార్బైడ్ వాడలేదు. శుక్రవారం మధ్యాహ్నం లోపు చెప్పండి." చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారి కోసం 3 కిలోల పెట్టె కూడా పెడితే మేలు. ఆర్డరు వచ్చాకే కోయాలి.

కాయ విషయంలో జాగ్రత్తలు

లేత కాయ కోస్తే పండదు, రుచి రాదు. ముదిరిన కాయను తొడిమతో కోసి, తర్వాత తొడిమ తుంచి బోర్లించి సొన కారనివ్వాలి. సొన అంటితే పండేటప్పుడు నల్ల మచ్చలు పడతాయి. వానలు పడ్డాక పండు ఈగ తాకిడి పెరుగుతుంది కాబట్టి కాయలను మరింత జాగ్రత్తగా ఏరాలి. పెట్టెకు గాలి రంధ్రాలుండాలి. కార్బైడ్‌తో మాగపెట్టడం చట్టరీత్యా నిషేధం. పాడైన కాయ ఫొటో పంపితే వాదించకుండా తర్వాతి పెట్టెలో కలిపి ఇవ్వండి. ఒకరిని పోగొట్టుకుంటే ఆ గ్రూపంతా పోయినట్టే.

డబ్బు దగ్గర మోసాలు

డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు. "పెద్ద ఆర్డరు, ముందే పంపుతున్నా, పిన్ కొట్టండి" అన్నాడంటే వాడు మోసగాడే. డబ్బు పంపినట్టు చూపే ఫొటోను నమ్మక, ఖాతాలో జమ అయిందని చూసుకున్నాకే పెట్టె బస్సెక్కించాలి. మోసపోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

ధర పడ్డాక కొనేవారిని వెతికితే దొరకరు. పూత నాటి నుంచే తోట ఫొటోలు పంపుతూ, కొన్నవారి పేర్లు ఒక పుస్తకంలో రాసుకోవాలి. మొదటి ఏడాది 20 పెట్టెలు మాట రాకుండా చేరిస్తే, మరుసటి ఏడాది వాళ్లే "కోత ఎప్పుడు?" అని అడుగుతారు.