బుట్టలో బంతి: 45 డిగ్రీల సంగతి
(రేడియో ప్రసంగ పాఠం)

ముందుగా నా తప్పొకటి ఒప్పుకుంటాను.

పోయిన అక్టోబరులో మా అమ్మాయి స్కూలు బాస్కెట్‌బాల్ జట్టు ఎంపికకి వెళ్ళింది. ఏడో తరగతి. ముందురోజు సాయంత్రం ఇక్కడే, మిస్సిసాగాలో, మా గరాజ్ ముందు ఫ్రీ త్రోలు వేస్తుంటే నాకు ఎంసెట్ రోజుల పాండిత్యం గుర్తొచ్చింది. "45 డిగ్రీల కోణంలో వెయ్యమ్మా, అదే బెస్టు" అన్నాను. పాపం, నా మాట విని అలాగే వేసింది. ఒకటీ అరా తప్ప అన్నీ రింగుకి తగిలి బయటికొచ్చాయి. ఎంపిక కాలేదు. "నాన్నా, నీ లెక్క తప్పేమో!" అంది కారులో. ఆ రాత్రే కాగితం తీసుకుని కూర్చున్నాను.

విసిరిన బంతి ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ముందుకి ఒకే వేగంతో పోతుంది. పైకి లేచేటప్పుడు మాత్రం గురుత్వాకర్షణ సెకనుకి 9.8 మీటర్ల చొప్పున దాని వేగం తగ్గిస్తుంది. ఈ రెంటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, అందుకని లెక్కలు విడివిడిగా వేసుకోవచ్చు. గాలి ప్రభావం ఇంత దూరానికి కొంచెమే, వదిలేద్దాం.

పెన్ను ఉంటే రాసుకోండి. ఫ్రీ త్రో గీత నుంచి బుట్ట మధ్యకి దూరం 4.2 మీటర్లు. బుట్ట ఎత్తు 3.05 మీటర్లు. మా అమ్మాయి చేతిలోంచి బంతి వదిలేది సుమారు 1.85 దగ్గర. అంటే బంతి 1.2 మీటర్లు పైకెక్కాలి. అది సరిగ్గా ఒక సెకనులో చేరాలనుకుందాం. ముందుకి వేగం సెకనుకి 4.2 మీటర్లు. ఆ సెకనులో భూమి బంతిని 4.9 మీటర్లు కిందికి లాగేస్తుంది కాబట్టి పైకి వేగం 1.2, 4.9 కలిపి 6.1 ఉండాలి. రెండూ కలిసిన వేగం 7.4, కోణం సుమారు 55 డిగ్రీలు. అంతే, లెక్క అయిపోయింది.

మరి నా 45? దానికి వేగం 7.6 కావాలి, అంటే ఇంకా ఎక్కువ బలం! నేలమీంచి నేలమీదికే 45 గొప్ప. బుట్ట చేతికన్నా పైనుంది. ఇక్కడినుంచి చూస్తే 16 డిగ్రీల ఎత్తులో ఉంది, అందులో సగం 45కి కలిపితే 53. తక్కువ బలంతో అందే కోణం అదీ.

అసలు చిక్కు దిగేటప్పుడు. పళ్ళేన్ని పక్కనుంచి చూస్తే సన్నగా కనిపించినట్టే, వాలుగా వచ్చే బంతికి బుట్ట నోరు ఇరుకవుతుంది. రింగు వెడల్పు 45.7 సెంటీమీటర్లు. 45 డిగ్రీల్లో విసిరిన బంతి 23 డిగ్రీల వాలులో దిగుతుంది, దానికి దొరికే సందు 18 సెంటీమీటర్లే. అమ్మాయిల బంతి అడ్డకొలత 23! బోర్డుకి తగిలి పడితే వేరే మాట. 55 డిగ్రీల బంతికైతే సందు 30 దాకా ఉంటుంది.

ఈ సంగతి ఆట కనిపెట్టినాయనకి ముందే తెలుసు. జేమ్స్ నైస్మిత్ మన ఒంటారియోలోని ఆల్మాంట్ దగ్గర పుట్టి, మాంట్రియల్‌లో మెక్‌గిల్‌లో చదివి, 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆట తయారుచేశారు. చిన్నప్పుడు ఆయన ఊళ్ళో, బండమీద పెట్టిన రాయిని ఇంకో రాయితో పడగొట్టే ఆట ఉండేది. బలంగా విసిరినవాడికన్నా ఎత్తుగా, మెత్తగా వేసినవాడికే అందులో లాభం. అది గుర్తొచ్చి, మోటుతనం తగ్గించాలని, పీచ్ పళ్ళ బుట్టల్ని తలలకి పైన, నోరు ఆకాశంవైపు ఉండేలా కట్టించారు. మనమూ మామిడికాయలకి రాళ్ళేసినవాళ్ళమే. ఆ అనుభవమున్నా నాకు 45 తప్ప ఏమీ గుర్తుకురాలేదు.

ఇప్పుడు మా అమ్మాయి బంతి వదలగానే నేను ఫోనులో వీడియో తీసి సమయం చూస్తాను. సెకను కన్నా ముందే బుట్ట చేరితే "ఇంకొంచెం ఎత్తు" అంటాను. మొన్న పదికి ఆరు పడ్డాయి. మళ్ళీ ఎంపికలు వచ్చే అక్టోబరులో. ఈసారి నన్ను కారులోనే కూర్చోమంది.