తెగులు ఎక్కడుందో మందు అక్కడికే చేరాలి

గజ్జి వచ్చిన పిల్లవాడికి డాక్టరు గారు ఏమిస్తారు? చర్మం మీద రాసుకునే పూతమందు. మరి మలేరియా వచ్చినవాడికో? లోపలికి మింగే మాత్రలు. మలేరియా రోగి ఒంటికి ఎంత పూతమందు రాసినా జ్వరం తగ్గదు. ఎందుకంటే రోగక్రిమి రక్తంలో దాగి ఉంది. పైర్ల వైద్యానికి కూడా ఇదే సూత్రం. గోధుమకు వచ్చే మూడు తెగుళ్ళను తీసుకుని ఈ సంగతి పరిశీలిద్దాం.

ఈ మూడింటికీ కారణం శిలీంధ్రాలే. నిలవ రొట్టె మీద పెరిగే బూజు కూడా శిలీంధ్రమేనని మీకు తెలుసు. వీటిలో పత్రహరితం ఉండదు. అందువల్ల సొంతంగా ఆహారం తయారుచేసుకోలేవు. పైరు తయారుచేసుకున్న ఆహారాన్ని కాజేసి బతుకుతాయి. కంటికి ఆనని సిద్ధబీజాల ద్వారా వ్యాపిస్తాయి.

మొదటిది బంట్ తెగులు. ఇది సోకిన గింజను చిదిమితే పిండికి బదులు నల్లని పొడి రాలుతుంది, కుళ్ళిన చేపల కంపు కొడుతుంది. నూర్పిడి సమయంలో ఆ పొడి మంచి గింజల పైకి అంటుకుంటుంది. ఆ గింజలు నాటితే మొలకతోపాటు సిద్ధబీజమూ మొలిచి, లేతమొక్కలోకి చొరబడుతుంది. శత్రువు గింజ పైనే ఉన్నాడు కదా! కనుక పైపూత చాలు. మైలుతుత్తం కలిపిన నీటితో ఈ తెగులును ఆపవచ్చునని ఫ్రాన్సు దేశపు ప్రెవో 1807లోనే ప్రకటించాడు. తరువాతి కాలంలో తైరామ్ వంటి మందులు వచ్చాయి.

రెండవది కాటుక తెగులు. దీని వేషం వేరు. గోధుమ పూతకు వచ్చినప్పుడు సిద్ధబీజాలు గాలిలో ఎగిరివచ్చి పువ్వులో పడతాయి. శిలీంధ్రం తయారవుతున్న గింజలోకి చేరి, అంకురంలో నిద్రపోతుంది. చూడటానికి గింజ నిక్షేపంగా ఉంటుంది! మరుసటి ఏడు నాటినప్పుడు మొక్కతోపాటు తానూ పెరిగి, కంకిలో గింజలుండవలసిన చోట కాటుకలాంటి పొడి నింపుతుంది. ఇక్కడ తైరామ్ పూసి ఏం లాభం? శత్రువు ఇంట్లో ఉంటే వీధి తలుపుకు తాళం వేసినట్లే.

1930వ దశకంలో లాయల్‌పూర్‌లో (నేటి పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్) లూథ్రా, సత్తార్ అనే శాస్త్రవేత్తలు చక్కని ఉపాయం చెప్పారు. మే, జూన్ నెలల్లో పొద్దున్నే విత్తనాన్ని నాలుగు గంటలు నీళ్ళలో నానబెట్టి, తరువాత మండుటెండలో పలుచగా ఆరబోయాలి. నీళ్ళు తగిలి శిలీంధ్రం నిద్ర లేస్తుంది. లేచినదాన్ని ఎండవేడి చంపుతుంది! 1960వ దశకంలో కార్బాక్సిన్ వచ్చింది. ఇది మొలకలోకి ఇంకి, లోపలున్న శిలీంధ్రపు శ్వాసక్రియను అడ్డుకుంటుంది. ఇలాంటివాటిని అంతర్వాహిక మందులంటారు. కిలో విత్తనానికి రెండు, రెండున్నర గ్రాములు చాలు. ఒక్కమాట: మందు పట్టించిన విత్తనాన్ని మనుషులు గానీ, పశువులు గానీ, కోళ్ళు గానీ తినకూడదు.

మూడవది పసుపు తుప్పు తెగులు. ఇది విత్తనంతో రాదు, గాలివాటున వస్తుంది. చలి, తేమ దీనికి ఇష్టం. పంజాబ్‌లో ముందుగా హిమాలయాల దిగువనున్న చేలలో, చలికాలంలో కనిపిస్తుంది. ఆకు మీద పసుపు చారలు ఏర్పడతాయి. వేలితో రుద్దితే పసుపు పొడి అంటుకుంటుంది. ఇప్పుడు ఆకుమీదనే మందు చల్లాలి. 25 శాతం ప్రోపికొనజోల్‌ను లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున కలిపి చల్లుతారు. శిలీంధ్రపు కణత్వచానికి కావలసిన ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారు కాకుండా ఈ మందు ఆపుతుంది. అయితే అక్కడక్కడ మచ్చలు కనబడగానే చల్లాలి. చేనంతా పసుపెక్కాక చల్లితే ఎండిన ఆకు మళ్ళీ పచ్చబడదు. డబ్బూ పోతుంది, పంటా పోతుంది.

మరి మందు ఉంది కదా అని ఊరుకోవచ్చా? కూడదు. తెగులును తట్టుకునే వంగడాన్ని ఎన్నుకోవడం మొదటి రక్షణ. అదీ శాశ్వతం కాదు. పంజాబ్ రైతులు ఎంతో ఇష్టంగా వేసిన పి.బి.డబ్ల్యు. 343 అనే వంగడం ఒకప్పుడు పసుపు తుప్పును తట్టుకునేది. శిలీంధ్రంలో కొత్త తెగ పుట్టాక లొంగిపోయింది. మందుల కథా అంతే. ఐరోపాలో గోధుమ ఆకుమచ్చ తెగులుపై 1990వ దశకంలో స్ట్రోబిల్యూరిన్ మందులు బ్రహ్మాండంగా పనిచేశాయి. 2003 నాటికి బ్రిటన్‌లో వాటికి లొంగని శిలీంధ్రం అంతటా వ్యాపించింది. ఒకే మందు పదేపదే వాడితే దానికి చావని కొద్దిపాటి శిలీంధ్రాలే మిగిలి, అవే సంతతిని పెంచుకుంటాయి. అందుకే అవసరమైనప్పుడే, సరియైన మోతాదులో, వేర్వేరు విధాలుగా పనిచేసే మందులను మార్చి మార్చి వాడాలి.

ఇప్పుడు మీకొక ప్రశ్న. మన జొన్నకు వచ్చే గింజ కాటుక తెగులు సిద్ధబీజాలు విత్తనం పైనే అంటుకుని ఉంటాయి. దానికి మింగే మాత్ర కావాలా, పూతమందా? మన రైతులు జొన్న విత్తనానికి గంధకం పొడి ఎందుకు పట్టిస్తారో మీకిప్పుడు తెలిసిపోయింది కదూ!