దుడ్డు లేని రైతుకు సేద్యం నేర్పినవాడు

"సారూ, నువ్వు చెప్పేదంతా బాగానే ఉండాది. దుడ్డు యాడ తెచ్చేది?"

అనంతపురం జిల్లాలో వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేసిన 31 ఏళ్లలో ఈ ప్రశ్న విన్నన్నిసార్లు నేను మరే ప్రశ్నా వినలేదు. విత్తనశుద్ధి చేయమన్నా, జిప్సం చల్లమన్నా, కొత్త రకం వేరుశెనగ బుడ్డలు వేయమన్నా రైతు చివరిదాకా ఓపిగ్గా విని ఆ మాటే అడిగేవాడు. నా దగ్గర జవాబు ఉండేది కాదు. సబ్సిడీ వస్తుందని ఏదో చెప్పి బండి ఎక్కేవాణ్ణి.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే జీవితమంతా గడిపిన మనిషి ఒకడున్నాడని చదువుకునే రోజుల్లో నాకు ఎవరూ చెప్పలేదు. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు విన్నాను కానీ, వేరుశెనగ నుంచి 300 వస్తువులు తయారుచేసిన నల్లజాతి శాస్త్రవేత్త అన్నంతవరకే. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి అట్లాంటా వెళ్లినప్పుడు, నా పోరు పడలేక అల్లుడు ఒక శనివారం అలబామా రాష్ట్రంలోని టస్కీగీకి తీసుకెళ్లాడు. కారులో రెండు గంటల దారి. రోడ్డు తవ్విన చోటల్లా ఎర్రమట్టి. వానకు కొట్టుకుపోయిన గట్లు చూస్తే మా కదిరి వైపు వచ్చామేమో అనిపించింది.

కార్వర్ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. 1864 ప్రాంతమని అంచనా. మిస్సోరి రాష్ట్రంలో డైమండ్ అనే ఊరి దగ్గర మోజెస్ కార్వర్ అనే రైతు 1855లో మేరీ అనే అమ్మాయిని 700 డాలర్లకు కొన్నాడు. ఆ మేరీ కొడుకు జార్జ్. అంతర్యుద్ధం రోజుల్లో దోపిడీ ముఠా ఒకటి తల్లినీ పసిబిడ్డనూ ఎత్తుకుపోయింది. వెతకడానికి పంపిన మనిషి బిడ్డను మాత్రం తేగలిగాడు. అందుకు మోజెస్ అతనికి ఒక గుర్రాన్ని ఇచ్చాడు. తల్లి మళ్లీ కనబడలేదు.

బిడ్డ కోరింత దగ్గుతో చిక్కి శల్యమయ్యాడు. పొలం పనికి పనికిరాడని మోజెస్ భార్య సుసాన్ ఇంట్లోనే పెట్టుకుని వంట, ఉతుకు, కుట్టుపని నేర్పింది. మిగతా పొద్దంతా వాడు చెట్ల మధ్యే తిరిగేవాడు. వాడిపోయిన మొక్క ఉంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఈ పిల్లవాణ్ణి పిలిచేవారట. వంటా, మొక్కా చిన్ననాడే కలిశాయని గుర్తుపెట్టుకోండి. ముందుముందు ఈ రెండిటితోనే మనకు పని.

నల్లపిల్లల బడి కోసం పది పన్నెండేళ్ల వయసులో నియోషో అనే ఊరికి నడిచి వెళ్లాడు. అక్కడ మరయా వాట్‌కిన్స్ అనే మంత్రసాని చేరదీసింది. పేరేమిటని అడిగితే "కార్వర్ గారి జార్జ్" అన్నాడు. ఇకనుంచి జార్జ్ కార్వర్ అని చెప్పుకోమని ఆమె దిద్దింది. నేర్చుకున్నదంతా తిరిగి మనవాళ్లకే ఇవ్వమని చెప్పింది కూడా ఆమే. కాన్సాస్‌లో ఫోర్ట్ స్కాట్ అనే చోట ఒక నల్లజాతి మనిషిని గుంపు కొట్టి చంపి కాల్చడం చూసి, ఆ ఊరు వదిలిపోయాడు. హైలాండ్ కాలేజీ ఉత్తరంలో సీటు ఇచ్చింది. తీరా వెళ్లాక ఒంటిరంగు చూసి వెనక్కి పంపింది. బట్టలుతికి, వంటలు చేసి, మట్టిగడ్డలతో ఇల్లు కట్టుకుని సేద్యం చేసి, చివరికి 1890లో అయోవాలోని సింప్సన్ కాలేజీలో చేరాడు. చేరింది చిత్రలేఖనం కోసం. అక్కడి చిత్రలేఖన ఉపాధ్యాయిని ఎట్టా బడ్ ఇతనికి మొక్కల మీదున్న ప్రేమ గమనించి, తన తండ్రి ఉద్యానశాస్త్రం బోధించే ఏమ్స్ వ్యవసాయ కళాశాలకు పంపింది. అక్కడ చదివిన మొదటి నల్లజాతి విద్యార్థి, తర్వాత బోధించిన మొదటి నల్లజాతి అధ్యాపకుడు కార్వరే. 1896లో ఎం.ఎస్. అయింది. మొక్కలకు తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాలు అతని ప్రత్యేక విషయం.

ఏమ్స్‌లోనే ఉండిపోయి ఉంటే గొప్ప శిలీంధ్ర శాస్త్రవేత్త అయ్యేవాడు. కానీ అదే ఏడాది టస్కీగీ విద్యాసంస్థ స్థాపకుడు బుకర్ టి. వాషింగ్టన్ పిలిచాడు. బానిసత్వం పోయిన తర్వాత నల్లవాళ్ల చదువు కోసం పెట్టిన సంస్థ అది. జీతం ఏడాదికి 1000 డాలర్లు. వెళ్లి చూస్తే ప్రయోగశాల లేదు. విద్యార్థులను వెంటబెట్టుకుని చెత్తకుప్పలు వెతికి సీసాలు, పాత గిన్నెలు, తీగముక్కలు ఏరుకొచ్చి ప్రయోగశాల కట్టుకున్నాడు. మరుసటి ఏడాది ప్రయోగ క్షేత్రం మంజూరైంది. దానికి రాష్ట్రం ఇచ్చింది ఏటా 1500 డాలర్లు.

అప్పటి అలబామా రైతు సంగతి చెప్పాలి. బానిసత్వం పోయింది కానీ భూమి రాలేదు. దొర భూమిని పాలుకు చేయడం, విత్తనానికీ తిండికీ షావుకారు దగ్గర పంట తనఖా పెట్టి అప్పు తేవడం, పంట వచ్చాక లెక్క చూస్తే ఇంకా బాకీ తేలడం. అప్పు ఇచ్చేవాడు పత్తి తప్ప మరొకటి ఒప్పుకోడు. అందుకని ఇంటి గోడ దాకా పత్తే. ఏటేటా పత్తి వేస్తే నేలలో నత్రజని హరించుకుపోతుంది. దున్నిన వాలునేల మీద వాన పడితే పైమట్టి కొట్టుకుపోతుంది. ఇంట్లో తిండి మొక్కజొన్న పిండి, ఉప్పు పంది కొవ్వు, బెల్లపుపాకం. దాంతో పెలాగ్రా అనే లోపజబ్బు. ఈ రైతు దగ్గరికి వెళ్లి బస్తా ఎరువు కొనమంటే ఏమంటాడో నాకు బాగా తెలుసు.

కార్వర్ కొనమనలేదు. అడవిలో రాలిన ఆకులు, వాగుమడుగులోని బురదమట్టి, పశువుల పెంట పొరలుపొరలుగా వేసి కుళ్లబెట్టమన్నాడు. లోతుగా దున్నమన్నాడు. పత్తి వేసిన చేలో మరుసటి ఏడు అలసంద వేయమన్నాడు, తర్వాత వేరుశెనగ. ఈ మొక్కల వేళ్ల మీద ఆవగింజ నుంచి మిరియపు గింజంత బుడిపెలుంటాయి. వాటిలో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. బుడిపెను చిదిపితే లోపల ఎర్రగా ఉంటే అది పని చేస్తున్నట్టు లెక్క. నేను ఎన్ని చేలల్లో మొక్క పీకి చూపించానో! నేల తనంతట తాను ఎరువు పుట్టించుకుంటుందని కళ్లారా చూస్తే రైతు నమ్ముతాడు. కార్వర్ 1905లో వేసిన కరపత్రం పేరే 'అలసిన నేలలకు బలం తేవడం ఎలా'.

కానీ అలసందలు పండించి ఏం చేసుకోవాలి? పత్తి అయితే అమ్ముతారు, ఇవి ఎవరు కొంటారు? శాస్త్రవేత్తలు ఎక్కువగా ఇక్కడ ఆగిపోతారు. ఇది మా పని కాదంటారు. నేనూ అన్నాను. కార్వర్ వంటింట్లోకి వెళ్లాడు. సుసాన్ నేర్పిన వంట అప్పుడు పనికొచ్చింది. 1916 నాటి కరపత్రంలో వేరుశెనగ సాగు గురించీ, దాన్ని వండుకునే 105 పద్ధతుల గురించీ రాశాడు. గెనుసుగడ్డ మీదా, అలసంద మీదా అలాగే రాశాడు. మొత్తం 44 కరపత్రాలు, చదువు తక్కువవాడికీ అర్థమయ్యే భాషలో. ఆ 300 వస్తువుల కథ వెనకున్న ఉద్దేశం ఇదీ. పంట మార్చమని చెప్పినవాడే ఆ పంటతో ఏం చేయాలో కూడా చెప్పాలన్నది ఆయన పట్టుదల.

చదవలేనివాళ్ల కోసం బండి కట్టించాడు. న్యూయార్క్ దాత మోరిస్ జెసప్ డబ్బిచ్చాడు కాబట్టి దానికి జెసప్ బండి అని పేరు. 1906లో పల్లెలకు బయల్దేరింది. నాగళ్లు, విత్తనాలు, వెన్న చిలికే సరంజామా అన్నీ బండిలోనే. థామస్ క్యాంప్‌బెల్ అనే టస్కీగీ పట్టభద్రుడు దాన్ని నడిపాడు. అమెరికా వ్యవసాయ శాఖలో మొదటి నల్లజాతి విస్తరణ ఉద్యోగి ఆయనే. ఆ బండి ఫోటో ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మా ఉద్యోగానికి పెద్దలు వీళ్లు. శిక్షణలో ఒక్కరోజైనా వీళ్ల పేరు చెప్పి ఉండాల్సింది.

ఈలోగా మెక్సికో నుంచి వచ్చిన కాయతొలిచే ముక్కుపురుగు 1910 నాటికి అలబామా పత్తి మీద పడింది. వేరుశెనగ వైపు తిరగక రైతుకు గతి లేకపోయింది. ఎంటర్‌ప్రైజ్ అనే ఊరివాళ్లు పత్తి మోజు వదిలించినందుకు 1919లో ఆ పురుగుకే స్మారకం కట్టారు. కాబట్టి ఆ మార్పంతా కార్వర్ ఒక్కడే తెచ్చాడనడం సరికాదు. వేరుశెనగ వెన్న ఆయన కనిపెట్టాడనడమూ తప్పే. 1884లోనే కెనడావాసి మార్సెలస్ ఎడ్సన్ పేరున దానికి పేటెంట్ ఉంది. 300 వస్తువుల్లో బజారులో నిలదొక్కుకున్నవి దాదాపు లేవు, చాలావాటికి రాసిపెట్టిన సూత్రాలూ లేవు. ఆయన తీసుకున్న పేటెంట్లు మూడే. ఇవన్నీ ఒప్పుకున్నా ఆయన నా కళ్లలో అంగుళం తగ్గలేదు.

పేరు దేశమంతా పాకింది 1921 జనవరిలో. దిగుమతి వేరుశెనగ మీద సుంకం కోసం వ్యాపారుల తరఫున అమెరికా పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్లాడు. అంతకు కొన్ని నెలల ముందే, వాళ్ల సమావేశంలో మాట్లాడటానికి మాంట్‌గోమరీ వెళితే హోటల్ ముఖద్వారం నుంచి రానివ్వలేదు. కమిటీ ఇచ్చింది పది నిమిషాలు. పెట్టె విప్పి వేరుశెనగ పాలు, పిండి, రంగులు ఒక్కొక్కటే చూపిస్తుంటే ఒక సభ్యుడు పుచ్చకాయ కూడా కావాలా అన్నాడు. నల్లవాళ్లను కించపరచడానికి వాడే మాట అది. కార్వర్ తొణకలేదు, వినయంగా బదులిచ్చి తన పనిలోకి వెళ్లాడు. చివరికి కమిటీ అధ్యక్షుడు ఎంతసేపైనా మాట్లాడమన్నాడు. పది నిమిషాలు ఎప్పుడో దాటాయి. 1922 చట్టంలో సుంకం వచ్చింది. అవమానం మింగి పని సాధించుకు రావడం ఎంత కష్టమో, ప్రభుత్వ కచేరీల్లో చేతులు కట్టుకు నిలబడ్డ రైతులను చూసినవాణ్ణి, నాకు తెలుసు.

ఆయన ప్రభావం దూరం పోయింది. ఏమ్స్‌లో ఉండగా ప్రొఫెసర్ వాలెస్ కొడుకు, చిన్న హెన్రీ, కార్వర్ చెయ్యి పట్టుకుని పొలాల్లో మొక్కలు చూస్తూ తిరిగేవాడు. ఆ పిల్లవాడే తర్వాత వ్యవసాయ మంత్రి, ఉపాధ్యక్షుడు అయ్యాడు. 1940లో మెక్సికో వెళ్లొచ్చి అక్కడి పంటల పరిశోధనకు రాక్‌ఫెలర్ సంస్థను ప్రోత్సహించాడు. ఆ కార్యక్రమంలోనే నార్మన్ బోర్లాగ్ పొట్టి గోధుమలు రూపొందించాడు. అవే మన దేశానికి వచ్చాయి. గాంధీజీ మిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్ 1929లో టస్కీగీ వెళ్లాడు. ఆ పరిచయంతో కార్వర్ గాంధీజీకి ఆహారం గురించి సలహాలు పంపాడు.

పెళ్లి చేసుకోలేదు. తెల్లవారక ముందే లేచి అడవిలో నడిచేవాడు. కోటుకు రోజూ ఒక పువ్వు పెట్టుకునేవాడు. 1943 జనవరి 5న కన్నుమూశాడు. కూడబెట్టిన దాదాపు 60,000 డాలర్లు మ్యూజియానికీ పరిశోధనకూ ఇచ్చేశాడు. ఆ ఏడాది జూలైలోనే ఆయన పుట్టిన పొలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఒక నల్లజాతి అమెరికన్ పేరున అలాంటి స్మారకం అదే మొదటిది.

టస్కీగీ ఆవరణలో బుకర్ వాషింగ్టన్ పక్కనే ఆయన సమాధి. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను. అల్లుడు ఏమీ అడగలేదు.

ఒక్క కోరిక మిగిలింది. ఆ 1905 కరపత్రం ఎక్కువ పేజీలది కాదు. వ్యవసాయ కళాశాలల్లో చదువుతున్న పిల్లలు ఎవరైనా దాన్ని రైతుకు తెలిసే తెలుగులోకి తెండి. అచ్చు ఖర్చు నా పింఛను నుంచి నేను పెట్టుకుంటాను.