తీగ నాడిని చూచు విధము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు రాగి టెలిఫోను తీగపై ఇంటర్నెట్టు వాడువారికి వానకాలమున నది మాటిమాటికి తెగిపోవుట తెలిసినదే. పరీక్షకు దరఖాస్తు పంపవలసిన కడపటి దినమున నిట్లయినచో విద్యార్థి కెంత యాపద! మోడెము చెడినదని తలిదండ్రులు క్రొత్తది కొందురు. అదియు నట్లే తెగిపోవును. నాడి చూడక వైద్యుడు మందీయడు గదా! తీగకును నాడి గలదు. దానిని చూచు విధము నిచట వివరించెదము.

మన దేశమున భారత్ సంచార్ నిగమ్ 2005 జనవరిలో ఈ డి.ఎస్.ఎల్. సేవను విరివిగా నారంభించెను. ఒకే జత తీగలపై మాట 4 కిలోహెర్ట్జుల లోపలను, ఇంటర్నెట్టు అంతకంటె హెచ్చు పౌనఃపున్యములందును నడచును. మోడెము స్థితిని దెలుపు పుటలో రెండంకెలు కానవచ్చును. వానిని డెసిబెళ్లలో లెక్కింతురు.

మొదటిది క్షీణత. సంతలో దూరమునుండి పిలిచినవాని గొంతు సన్నగిల్లునట్లు, తీగ పొడవుకొలది సంకేతము క్షీణించును. 20 డెసిబెళ్లనగా నూరవవంతే చేరినది. 60 అనగా పదిలక్షలవవంతు. రెండవది మార్జిన్. అనగా సంత గోలను మించి ఆ గొంతు వినబడుటకు కావలసినదానికంటె మిగిలియున్న బలము. ఇది సాధారణముగా 6 డెసిబెళ్లకు తగ్గరాదు.

క్షీణత యెల్లప్పుడు హెచ్చుగా నున్నచో దూరమే కారణము. మోడెము మార్చిన ఫలము లేదు. వేగము తగ్గించినచో నిలకడ కలుగును. క్షీణత మారక మార్జిన్ మాత్రమే పడిపోయినచో, ఏదో చప్పుడు తీగలో చొరబడినదని గ్రహింపవలెను. అప్పుడు ఇంటిలోని యితర తీగలను విప్పి, బయటితీగ వచ్చిన మొదటి పెట్టెకే మోడెమును తగిలించి చూడవలయును. బాగుపడినచో దోషము ఇంటిలోనిది. లేనిచో బయటిదని తలపవచ్చును. వాన పడగానే అంకెలు చెడి, టెలిఫోనులో గరగర వినబడినచో అతుకులో నీరు చేరియుండును. టెలిఫోను మూగవోయి, ఇంటర్నెట్టు కుంటుచు నడచినచో జతలో నొక తీగ తెగియుండవచ్చును.

అయితే చెడిననాటి అంకెను దేనితో పోల్చుట? కావున విద్యార్థులారా, బాగున్ననాడే రెండంకెలను నోటుపుస్తకమున వ్రాసి యుంచుకొనుడు. "పనిచేయుటలేదు" అను ఫిర్యాదుకంటె "మార్జిన్ 12 నుండి 4కు పడినది" అను ఫిర్యాదు లైన్‌మనుకు దారి చూపును. నేడు పలుచోట్ల రాగికి బదులు గాజుతంతి వచ్చినది. అచట కొలుచునది వెలుగు శక్తిని. కొలత మారినను నీతి యొక్కటే: ఎవరినైన నిందించుటకు ముందు కొలిచి చూడవలెను.