స్వయంజ్వలన రాకెట్టు ఇంధనములు – విషము తగ్గించు యత్నములు

శ్రీహరికోటనుండి రాకెట్టు ఎగసిన దినమున మన బాలబాలికలకు వేరు మాట యుండదు. దాని తొట్లలోని ఇంధనమును గూర్చి మాత్రము ఎవరును అడుగరు. జిగణి పారిశ్రామిక వాడలో రసాయనముల పీపాల నడుమ పనిచేయు తల్లిదండ్రులకు ఇది తెలియదగినదని తలచి వ్రాయుచున్నాము.

నిప్పురవ్వ అక్కరలేకయే, రెండు ద్రవములు ఒండొంటిని తాకినంతనే భగ్గున మండుట స్వయంజ్వలనము. పి.ఎస్.ఎల్.వి. రెండవ అంచెలోని వికాస్ ఇంజను ఇట్టిదే. ఒక తొట్టిలో హైడ్రజీను జాతి మిశ్రమము, మరియొక దానిలో నైట్రోజన్ టెట్రాక్సైడు ఉండును. ఆకాశమున ఇంజనును ఆపి మరల వెలిగించుటకు ఇంతకంటె నమ్మదగిన పద్ధతి అరుదు. 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన విక్రమ్ ఇంజనులును ఈ జాతివే.

కాని ఇవి ఘోర విషములు. హైడ్రజీను చర్మముగుండ చొచ్చి కాలేయమును చెరుచును. టెట్రాక్సైడు 21 డిగ్రీల వేడికే మరిగి ఆవిరియై, ఊపిరితిత్తులను పాడుచేయును. 1975 జులై 24న అపోలో నౌకలో తిరిగివచ్చుచుండిన ముగ్గురు అమెరికా వ్యోమగాములు ఈ వాయువును పీల్చి ఆసుపత్రి పాలైరి. వారి సంగతి పత్రికల కెక్కినది. తొట్లు నింపు పనివారో, ఒడలెల్ల కప్పు తొడుగులలో చెమటలు గ్రక్కుచు పనిచేయుదురు. వారి పేళ్లు ఎవరికిని తెలియవు. వేరు ఇంధనము వెదకుటకు మా దృష్టిలో మొదటి కారణము వారే.

వెదకినవానిలో ముఖ్యమైనది హైడ్రోజన్ పెరాక్సైడు. మందుల దుకాణమున పుండ్లు కడుగుట కిచ్చు 3 శాతపు ద్రవము అదియే. రాకెట్టునకు 90 శాతము వంటి గాఢత కావలెను. విడిపోయినపుడు నీటియావిరియు ప్రాణవాయువును మాత్రమే వచ్చును. దానితో తాకి మండుటకు జర్మనీలోని లాంపోల్డ్స్‌హౌసెన్ శాస్త్రజ్ఞులు, మామూలు వేడిమియందే ద్రవముగా నుండు ఒక లవణమును, కొద్దిపాటి రాగి సమ్మేళనము కలిపి, పరీక్షించుచున్నారు. లవణము గనుక దాదాపు ఆవిరి కాదు. పీల్చు భయము తగ్గును.

చిక్కు లేకపోలేదు. జ్వాల సెకనులో కొన్ని వేయవ వంతులలోనే పుట్టవలెను. ఆలస్యమైనచో ద్రవములు ప్రోగుపడి ఇంజనే పేలును. పెరాక్సైడునకు త్రుప్పు, మురికి తగిలినను చాలును, తనంతట విడిపోవును. రెండవ ప్రపంచ యుద్ధమున దానితో నడచిన జర్మనీ కోమెట్ విమానములు తమ చోదకులనే బలిగొనినవి. విషము తక్కువయనుట ప్రమాదము లేదనుట కాదు.

మన బెంగుళూరుననే బెల్లాట్రిక్స్ ఏరోస్పేస్ సంస్థ, హైడ్రజీనుకు బదులు తక్కువ విషముగల ద్రవముతో నడచు ‘రుద్ర’ యను చిన్న ఇంజనును 2024 జనవరి 1న పి.ఎస్.ఎల్.వి.–సి58తో పంపి ఆకాశమున పరీక్షించినది. అది ఒకే ద్రవముతో నడచునది, స్వయంజ్వలనము కాదు. హైడ్రజీను జాతి ద్రవములు తొట్టిలో ఏండ్ల తరబడి చెడక నిలుచును. పెరాక్సైడును అట్లు నిలుపుటయే ఇంకను సాధింపవలసిన పని.